జర్మనీలో చదువుకుంటున్న పిల్లల్ని చూడ్డానికి ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే

మేం మొదటిసారి జర్మనీ వెళ్లింది ఆగస్టు మొదటి వారంలో. జూలై మధ్యకల్లా క్లాసులు అయిపోతాయని యూనివర్సిటీ క్యాలెండర్‌లో చూసి, ఇంకేం, సెలవులే కదా అనుకుని టికెట్లు కొనేశాం. మా అమ్మాయిని ఎప్పుడు రమ్మంటావని అడగలేదు, వస్తున్నామని చెప్పాం. అది మా ఉత్సాహం చూసి నోరు మెదపలేదు. తీరా వెళ్లాక తెలిసింది, మేం దిగిన నాలుగో రోజు ఒక పరీక్ష, ఆ పై వారం ఇంకొకటి. పాపం కొలోన్ వెళ్లే రైల్లో ఒళ్లో నోట్సు పెట్టుకుని చదువుకుంటూ, ప్రతి స్టేషన్ దగ్గరా తలెత్తి వాళ్ల నానమ్మకి ఊరి పేరు చెబుతూ కూర్చుంది. రెండోసారి వెళ్లినప్పుడు బుద్ధి తెచ్చుకుని వరస మార్చాం. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. మాది ఐదుగురి బృందం: నేను, మా ఆయన, మా చిన్నోడు, మా అత్తగారు, అక్కడ మా అమ్మాయి. తను చదివేది ఆహెన్‌లో, కాబట్టి ఉదాహరణలు ఎక్కువ ఆ ఊరివే వస్తాయి.

1. ముందు పిల్లల క్యాలెండర్, తర్వాత మీది

జర్మన్ యూనివర్సిటీల్లో శీతాకాలపు సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా. క్లాసులు మాత్రం సుమారుగా అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మొదట్లో వరకు, మళ్లీ ఏప్రిల్ మధ్య నుంచి జూలై మధ్య వరకు జరుగుతాయి. మధ్యలో మిగిలిన కాలాన్ని వాళ్లు క్లాసులు లేని కాలం అంటారే గానీ సెలవులు అనరు, ఎందుకంటే చాలా పరీక్షలు అప్పుడే పెడతారు, రిపోర్టులు రాయాల్సిందీ అప్పుడే, పైగా విద్యార్థులు ఎక్కువ గంటలు పని చేసి నాలుగు డబ్బులు వెనకేసుకునేదీ అప్పుడే. బయటి దేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసే వీలుంది, 2024 మార్చి నుంచి వచ్చిన లెక్క ఇది.

కాబట్టి "సెలవులెప్పుడు?" అని అడిగితే తప్పు జవాబు వస్తుంది. మూడు అడగండి: ఆఖరి పరీక్ష ఏ రోజు, ఇవ్వాల్సిన రిపోర్టులేమైనా ఉన్నాయా, పని చేసే చోట వరసగా ఎన్ని రోజులు సెలవు దొరుకుతుంది. పిల్లలు మొహమాటపడి "పర్లేదు వచ్చేయండి" అంటారు, ఆ మాట నమ్మకండి, పరీక్షల షెడ్యూలు ఫోటో తీసి పంపమనండి.

నా మటుకు నాకు సెప్టెంబర్ రెండో సగం మేలు. పరీక్షలు ముగుస్తాయి, కొత్త సెమిస్టర్ క్లాసులకు ఇంకా టైముంటుంది, ఎండా చలీ రెండూ భరించేలా ఉంటాయి. క్రిస్మస్‌కి వెళ్లాలని చాలామందికి ఉంటుంది. అప్పుడు పెట్టే క్రిస్మస్ బజార్ల దీపాలు నిజంగానే చూడాల్సినవే, కానీ వాటిలో చాలావాటిని 23కో 24కో ఎత్తేస్తారు, 24 మధ్యాహ్నం నుంచి షాపులు మూసేసి 25, 26 తేదీల్లో అసలు తెరవరు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. డిసెంబర్ రెండో వారంలో వెళ్తే బజార్లు దొరుకుతాయి, పిల్లలకు మాత్రం క్లాసులుంటాయి. ఏదో ఒకటి వదులుకోవాలి.

2. వీసా: అసలు టెన్షన్ అంతా ఇక్కడే

వీసా అవసరమైన దేశాల పాస్‌పోర్టులున్నవాళ్లు షార్ట్ స్టే షెంగెన్ వీసా తీసుకోవాలి. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అవసరమనుకుంటే 45 రోజుల దాకా తీసుకుంటారు. ఇదంతా అపాయింట్‌మెంట్ దొరికాక మాట, వేసవిలో ఆ అపాయింట్‌మెంట్ కోసమే తలప్రాణం తోకకొస్తుంది, అందుకే మూడు నెలల ముందు మొదలుపెట్టండి. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. పక్క దేశాలు కూడా తిరగాలనుకుంటే ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. అంటే జర్మనీలో ఐదు రోజులుండి ఇటలీలో ఎనిమిది రోజులు తిరిగే ప్లాన్ పట్టుకుని జర్మనీ వీసా అడిగితే కుదరదు.

పాస్‌పోర్టులు ముందుగా తీసి చూడండి. తిరిగొచ్చే తేదీ దాటాక ఇంకో మూడు నెలలు చెల్లాలి, జారీ అయి పదేళ్లు దాటకూడదు, రెండు ఖాళీ పేజీలుండాలి. ఇంట్లో ఎవరిదో ఒకరిది తేడాగా ఉంటుంది, మా ఇంట్లో చిన్నోడిది.

ఇక అందరూ తికమకపడేది స్పాన్సర్ విషయం. వచ్చిన అతిథుల ఖర్చంతా, జబ్బు చేస్తే వైద్యం ఖర్చుతో సహా, నాదే పూచీ అని అక్కడుండేవాళ్లు విదేశీయుల ఆఫీసులో సంతకం పెట్టే పత్రం ఒకటుంది. దాని పేరు ఫెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్, పలకడం వచ్చేసరికి వీసా వచ్చేస్తుంది. దానికి ఆదాయం చూపించాలి, విద్యార్థికి ఆ ఆదాయం ఎక్కడిది? వాళ్ల ఖాతాలో మీరు వేసిన డబ్బు వాళ్లు బతకడానికి లెక్క. కాబట్టి పిల్లల్ని ఆ ఆఫీసు చుట్టూ తిప్పకండి. ఖర్చులు మేమే పెట్టుకుంటున్నామని మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు, సెలవు మంజూరు చేసిన లెటర్ పెట్టండి. పిల్లల నుంచి కావాల్సినవి నాలుగే: మామూలు భాషలో రాసిన ఆహ్వాన లేఖ, పాస్‌పోర్టు కాపీ, రెసిడెన్స్ పర్మిట్ కాపీ, ఆ సెమిస్టర్‌కి యూనివర్సిటీ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్. వీటితో పాటు మీ బంధుత్వం చూపే పత్రం, అంటే బర్త్ సర్టిఫికెట్ లాంటిది, ఉండాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి. ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పాలి. తిరుగు టికెట్ రెండు రోజుల తర్వాతకి మార్చాం, అందరి ఇన్సూరెన్సూ మార్చాం, మా అత్తగారిది మరిచిపోయాం. కౌంటర్‌లో అమ్మాయి ఏమీ అనకుండా ఫ్లైట్ కాగితం, పాలసీ కాగితం పక్కపక్కన పెట్టి రెండు తేదీల మీదా పెన్ను మూతతో టకటకా కొట్టింది. మా ఆయన బయటికి పరుగెత్తి ఫోన్లోనే పాలసీ మార్పించి ప్రింటు తెచ్చేసరికి ఆఫీసు మూసే టైమైంది. అందుకని ముందురోజు రాత్రి కాగితాలన్నీ మంచం మీద పరిచి ఫ్లైటు, బస, ఇన్సూరెన్స్, ఆఫీసు సెలవు, ఆహ్వాన లేఖ, ఈ ఐదింటిలోనూ తేదీలు ఒకటేనా అని ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూడండి. పెద్దవాళ్లకు పాలసీ తీసుకునేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందా లేదా అన్న పేరా తప్పకుండా చదవండి, ధర చూసి కొనేయకండి.

వీసా స్టిక్కర్ చేతికొచ్చిందని సంబరపడి బీరువాలో పెట్టేయకుండా దాని మీదున్న అంకెలు చదవాలి. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి, వాటి కింద ఎన్ని రోజులుండొచ్చో వేరే ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావు. తేదీల మధ్య 35 రోజులుండి, ఉండే రోజులు 20 అని ఉంటే మీకున్నవి 20 రోజులే, దిగిన రోజూ ఎక్కిన రోజూ కూడా అందులో లెక్కే.

3. బస: పిల్లల గదిలో సర్దుకుంటాం అనొద్దు

స్టూడెంట్ హాస్టల్ గది అంటే ఒక మంచం, ఒక బల్ల, ఒక బీరువా. వంటిల్లు చాలాచోట్ల నలుగురైదుగురికి ఉమ్మడి. ఒకటి రెండు రాత్రులకు ఒక్క మనిషంటే చూసీచూడనట్టు పోతారేమో గానీ ఇంటిల్లిపాదీ రెండు వారాలంటే అద్దె ఒప్పందమే ఒప్పుకోదు. షేరింగ్ ఫ్లాట్ అయితే మిగతావాళ్లు మొహం మీద ఏమీ అనరు, మనం వచ్చేశాక మన పిల్ల మాట పడాలి.

మేం తీసుకున్నది వంటిల్లున్న ఫెరియన్‌వోనుంగ్, అంటే సెలవులకు అద్దెకిచ్చే ఫ్లాటు. పిల్ల గదికి ఒక్క బస్సు దూరంలో చూసుకోండి, అది ముఖ్యం. పెద్దవాళ్లుంటే ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా అని మెసేజ్ పెట్టి మరీ అడగండి. జర్మన్ లెక్కలో మొదటి అంతస్తంటే నేల మీదిది కాదు, దానిపైది, పాత బిల్డింగుల్లో లిఫ్టు లేకపోవడం మామూలే.

4. సామాను

ముందే ఒక చేదు వార్త: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. నెయ్యి కూడా పాల పదార్థమే. బిడ్డ కోసం కాచి, వడకట్టి, మూడు కవర్లు చుట్టిన నెయ్యి సీసా కస్టమ్స్ చెత్తబుట్టలో పడితే ఆ తల్లి మొహం చూడలేం. చంటిపిల్లల పాలపొడికి మాత్రం రెండు కిలోల దాకా మినహాయింపుంది. తాజా కూరగాయలు, ఆకులు, పండ్లకు మొక్కల ఆరోగ్య పత్రం కావాలి, అది అక్కర్లేనివి ఐదే: కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరం, అనాస, డ్యూరియన్. నగదు 10,000 యూరోలు గానీ అంతకు మించి గానీ ఉంటే డిక్లేర్ చేయాలి.

మందులు మీకు సరిపడా మాత్రమే, మూడు నెలలకు మించకుండా, డాక్టరు చీటీతో సహా చేతి బ్యాగులో పెట్టుకోండి. బట్టల విషయంలో పిల్లని అడగండి, ఏం తేవాలో కాదు, ఏం వద్దో. మా అమ్మాయి గది చూశాకే నాకర్థమైంది, నేను ఏడాది పొడుగునా పంపినవన్నీ పెట్టడానికి దాని బీరువాలో ఉన్నవి రెండు అరలు.

5. దిగిన రోజు

మీ ఫ్లైటు వేరే షెంగెన్ దేశంలో, ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ప్యారిస్‌లోనో, మారేదైతే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది, రెండో ఫ్లైటు లోకల్ ఫ్లైటు లెక్క. కాబట్టి మధ్యలో గంటన్నర గ్యాపున్న టికెట్ చవగ్గా వచ్చినా తీసుకోకండి, మూడు గంటలైనా ఉండనివ్వండి. 2025 అక్టోబర్ 12 నుంచి సరిహద్దుల్లో ఈఈఎస్ అనే కొత్త పద్ధతి మొదలైంది, ముద్రలకు బదులు ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలుండవు, ఫోటో ఒక్కటే. మొదటిసారి నమోదుకు టైము పడుతుంది. ఆహ్వాన లేఖ, తిరుగు టికెట్, బస కాగితం చేతి బ్యాగులోనే ఉంచండి, ఆఫీసరు అడిగినప్పుడు సూట్‌కేసులో ఉన్నాయంటే బాగోదు.

పిల్లని ఎయిర్‌పోర్టుకి రమ్మనొద్దని నేనన్నాను, అది వినలేదు. వస్తే వాళ్లిష్టం, రాకపోయినా ఇబ్బందేమీ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులోనే రైల్వే స్టేషనుంది, ఒకటి కాదు రెండు: దూరపు రైళ్లకు ఫెర్న్‌బాన్‌హోఫ్, దగ్గరి ఊళ్ల రైళ్లకు రెగియోనల్‌బాన్‌హోఫ్. టికెట్ మీద ఏదుందో చూసుకుని బోర్డులు పట్టుకుని వెళ్లడమే. అక్కడి నుంచి కొలోన్ మీదుగా ఆహెన్‌కి ఐసీఈలు, అంటే దూరం వెళ్లే వేగపు రైళ్లున్నాయి. ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి, మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెర మీద చూపిస్తారు, అక్కడే నిలబడండి. ఐదు సూట్‌కేసులతో రైలు పొడుగునా పరుగెత్తడం ఒకసారి చేశాం, చాలు.

6. రైలు టికెట్లు: డబ్బు ఆదా అయ్యేదీ ఇక్కడే, పోయేదీ ఇక్కడే

ఐసీఈలో స్పార్‌ప్రైస్ టికెట్లు ముందుగా కొంటే చవక, కానీ ఆ రైలుకే కట్టుబడి ఉండాలి. ఎయిర్‌పోర్టు నుంచి వెళ్లే రోజుకి అది కొనొద్దు, ఫ్లైటు ఆలస్యమైతే టికెట్ గోవిందా, ఆ ఒక్క రోజుకి ఏ రైలైనా ఎక్కగలిగే ఫ్లెక్సీ టికెట్ తీసుకోండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు పెద్దవాళ్లతో ఉచితంగా వెళ్లొచ్చు, అయితే టికెట్ కొనేటప్పుడే వాళ్లని అందులో చేర్చాలి. సీటు రిజర్వేషన్ వేరే కొనాలి, టికెట్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. రైలు గంట ఆలస్యంగా చేరిస్తే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి అడగొచ్చు. సిగ్గుపడకుండా అడగండి, అవకాశం తరచూ వస్తుంది.

దేశమంతా లోకల్ బస్సులు, ట్రాములు, దగ్గరి రైళ్లలో తిరగడానికి డాయ్చ్‌లాండ్‌టికెట్ ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై 2026 జనవరి నుంచి 63 అయింది. ఐసీఈ, ఐసీ అనే దూరపు రైళ్లలో చెల్లదు. ఇది నెలనెలా డబ్బు కోసుకునే చందా, క్యాలెండర్ నెల లెక్క, పదో తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. కొన్న రోజే ఫోన్లో అలారం పెట్టుకోండి. మీరు నెల చివర్లో వెళ్లి పై నెల మొదట్లో తిరిగొస్తుంటే రెండు నెలల డబ్బవుతుంది, అప్పుడు రోజువారీ గ్రూపు టికెట్లు నయం. బవేరియా రాష్ట్రం వెళ్తే అక్కడి రోజువారీ బయర్న్ టికెట్ ఐదుగురి దాకా పనికొస్తుంది, పనిరోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, మన కుటుంబం తెమిలేదీ ఎలాగూ అప్పుడే. మీ పిల్ల దగ్గరున్న సెమిస్టర్ టికెట్, అంటే విద్యార్థుల బస్సు, రైలు పాసు, దానికే చెల్లుతుంది, మనల్ని కలుపుకోదు.

మెషీన్‌లో కొన్న కాగితం టికెట్లు కొన్నింటికి ఎక్కే ముందు ముద్ర వేసుకోవాలి. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు, తెలియదంటే వినరు.

7. అక్కడి రోజులు

మా ఇంట్లో పెట్టుకున్న రూలు ఒకటే: పిల్ల టైము రోజులో సగమే మనది. పొద్దున దాని పని అది చూసుకుంటుంది, మనం ఊళ్లో మనమే తిరుగుతాం, మధ్యాహ్నం నుంచి కలుస్తాం. రెండోసారి అలాగే చేశాం. మా అత్తగారూ నేనూ ఎలీజెన్‌బ్రున్నెన్ దగ్గర కూర్చునేవాళ్లం, వేడినీటి ఊట అది, గంధకం వాసన గుప్పుమంటుంది. కుళ్లిన గుడ్డు వాసన చూడ్డానికి ఇంత దూరం వచ్చామా అని ఆవిడ ముక్కు మూసుకున్నారు, మర్నాడు మళ్లీ అక్కడికే పదమన్నారు. అక్కడి కేథడ్రల్ 1978లో యునెస్కో ప్రకటించిన మొట్టమొదటి పన్నెండు ప్రపంచ వారసత్వ స్థలాల్లో ఒకటి, షార్లమేన్ చక్రవర్తి సమాధి అందులోనే. ఊరి అంచున జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం కలిసే చోటు ఉంది, మా చిన్నోడు మూడు దేశాల చుట్టూ పావుగంట సేపు గిరగిరా తిరిగాడు. సరిహద్దు కనబడకపోయినా పాస్‌పోర్టు జేబులో ఉండాలి, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది.

కొలోన్ కేథడ్రల్ స్టేషన్ గుమ్మం దాటగానే ఎదురుగా ఉంటుంది. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. గోపురం ఎక్కడానికి 533 మెట్లు, లిఫ్టు లేదు, పెద్దవాళ్లని కింద చర్చిలో కూర్చోబెట్టి వెళ్లండి. బెర్లిన్ వెళ్తే పార్లమెంటు గాజు గోపురం ఉచితం, కానీ పేర్లు ముందే నమోదు చేసుకోవాలి. నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకీ టికెట్లు ముందే కొనుక్కోవాలి. చూసే ఊళ్లు మూడుకు మించితే నా లెక్కలో ఎక్కువే.

ఆదివారం షాపులు మూసేస్తారు, సూపర్‌మార్కెట్లతో సహా. పెద్ద స్టేషన్లలోని షాపులు మాత్రం తెరిచే ఉంటాయి. శనివారం సాయంత్రమే పాలూ బ్రెడ్డూ తెచ్చుకోండి. రాత్రి పది దాటితే గొంతు తగ్గించాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా నీళ్లు కొంటే వాడి పారేసే సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, ఖాళీ సీసా సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, అది కౌంటర్‌లో ఇస్తే డబ్బిస్తారు. అత్యవసరమైతే 112, పోలీసులకు 110. ఆస్పత్రి ఎమర్జెన్సీ దాకా వెళ్లక్కర్లేని జ్వరాలకు, డాక్టర్లు లేని వేళల్లో 116117.

పిల్ల గదికి వెళ్లడం మాత్రం ఒక పూట ప్రత్యేకంగా పెట్టుకోండి. ఉమ్మడి వంటింట్లో ఫ్రిజ్ తెరిస్తే నాలుగు అరలు, నలుగురి పేర్లు టేపు మీద రాసి అంటించి ఉన్నాయి, మా అమ్మాయి అరలో సగం నిమ్మకాయ, పెరుగు డబ్బా, మూత సరిగ్గా పట్టని సాంబారు గిన్నె. గోడ మీద ఈ వారం బాత్రూం ఎవరు కడగాలో పట్టిక, అందులో దాని పేరు. ఇంట్లో తిన్న కంచం తీసే అలవాటు లేని పిల్ల. సర్దేద్దామని చేతులు లాగుతాయి, ఆగండి. వేరేవాళ్ల గిన్నెలు ముట్టుకోకండి, గదికి వాళ్లు పెట్టుకున్న వరస మార్చకండి. నేను ఆగలేక బల్ల మీద కాగితాలు దొంతర పెట్టాను, వాటిలో రెండు రోజుల్లో ఇవ్వాల్సిన ఫారం ఒకటి అడుక్కి పోయి రాత్రంతా వెతుక్కుంది.

8. తిరుగు ప్రయాణం

ఏదైనా షాపులో ఒకే బిల్లు మీద 50 యూరోలకు పైగా కొంటే పన్ను వెనక్కి తీసుకునే వీలుంది, ఫారం ఆ షాపులోనే అడగాలి. ఎయిర్‌పోర్టులో ఆ వస్తువు చూపించి కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి, కాబట్టి సూట్‌కేసు చెకిన్‌లో వదిలేసే ముందు ఆ సంగతి కౌంటర్‌లో చెప్పండి. ఫ్లైటుకి నాలుగు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండేలా రైలు చూసుకోండి, రైళ్ల సంగతి పైన చెప్పాను.

వీడ్కోలు వాళ్ల ఊరి స్టేషన్‌లోనే ముగించండి. ఎయిర్‌పోర్టు దాకా వస్తే మనం లోపలికి వెళ్లిపోయాక అన్ని గంటలూ ఒక్కతే రైల్లో వెనక్కి వెళ్లాలి. స్టేషన్‌లో అయితే పది నిమిషాల్లో తన గదిలో ఉంటుంది. మేమలాగే చేశాం. రైలు కొలోన్ దాటకముందే ఫోన్ చేసింది, ఏడుస్తుందేమో అనుకుంటూ ఎత్తాను. "అమ్మా, ఫ్లాట్ తాళం ఇవ్వడానికి వెళ్తున్నా, ఖాళీ సీసాలు అక్కడే వదిలేశారా? పద్దెనిమిదున్నాయన్నావు, నాలుగున్నర యూరోలు" అంది.